తమ్ముడి హీమోఫీలియా ఒక లెక్క, బావతో సంబంధం ఇంకో లెక్క

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది పరకాల దగ్గర పల్లె. మీ తమ్ముడికి హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డ కట్టని జబ్బు. మీ అమ్మ వాళ్ళ చిన్న తమ్ముడికి కూడా అదే ఉండేది, పదేళ్ళు నిండకుండానే పోయాడు. ఇప్పుడు మీ పెద్ద మేనమామ కొడుకుతో మీకు సంబంధం మాట్లాడుతున్నారు. ఇంట్లో కొందరు "మేనరికం చేస్తే పిల్లలకు ఆ జబ్బు వచ్చి తీరుతది" అంటున్నారు. ఇంకొందరు "పిల్లకు ఏ రోగమూ లేదు కదా, ఏం కాదు" అంటున్నారు. మీ నాయనమ్మ మాత్రం "ఇదంతా నీ పుట్టింటి దోషం" అని మొదటి నుంచీ మీ అమ్మనే అంటోంది. మీరు అడిగినవి రెండు: నాకు లేని జబ్బు నా పిల్లలకు ఎట్లా వస్తుంది? బావను చేసుకోవచ్చా?

నేను హనుమకొండలో పిల్లల డాక్టర్‌ని, ఇరవై ఆరేళ్ళుగా. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులున్న పిల్లలను, వాళ్ళ తల్లులను రోజూ చూస్తుంటాను. అసలు మాట ముందే చెప్పేస్తాను. బావను చేసుకున్నంత మాత్రాన హీమోఫీలియా ముప్పు పిసరంత కూడా పెరగదు. బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన తగ్గదు. ఆ జబ్బు జన్యువు మీలో ఉందా లేదా అన్నదాని మీదే అంతా ఉంది. మేనరికంతో వచ్చే ముప్పు నిజమే, కానీ దాని లెక్క వేరే క్రోమోజోముల మీద నడుస్తుంది. మీ ఇంట్లో ఈ రెండు లెక్కలనూ కలిపేసి గొడవ పడుతున్నారు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో జన్యువులను మోసే దారాల్లాంటి క్రోమోజోములు 46 ఉంటాయి, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. వీటిలో 22 జతలు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకేలా ఉంటాయి. వీటినే ఆటోసోములు అంటారు. 23వ జత లైంగిక క్రోమోజోములు. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై. వై చాలా చిన్నది, మగబిడ్డగా ఎదగడానికి కావలసిన సంగతులు తప్ప దాని మీద పెద్దగా ఏమీ ఉండవు. ఎక్స్ మీద మాత్రం వందల కొద్దీ జన్యువులు ఉంటాయి. రక్తం గడ్డ కట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్, తొమ్మిదో ఫ్యాక్టర్ తయారీకి సంబంధించిన జన్యువులు రెండూ ఎక్స్ మీదే ఉన్నాయి. ఎనిమిది లేకపోతే హీమోఫీలియా ఏ, తొమ్మిది లేకపోతే హీమోఫీలియా బి.

మీ ఊళ్ళో చెప్పినట్టు చెబుతాను. మీ పొలంలో రెండు బోర్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఎండిపోయినా రెండో బోరుతో మడి తడుస్తుంది. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు ఉండటం అలాంటిది. ఒకదాని మీద జన్యువు చెడినా రెండోది పని నడిపిస్తుంది, చాలావరకు జబ్బు బయటపడదు. ఇలాంటి వాళ్ళను క్యారియర్లు అంటాం. మగవాడికి ఉన్నది ఒకటే బోరు. అది పోతే వాడికి ఇంకో ఆసరా లేదు. మీ తమ్ముడికి వచ్చింది, మీ అమ్మకు రాలేదు అంటే కారణం ఇదే. మీ అమ్మలో ఒక ఎక్స్ మీద చెడిన జన్యువు ఉంది, రెండో ఎక్స్ ఆమెను కాపాడింది. మీ తమ్ముడికి ఆ చెడినదే చేరింది.

జబ్బు లేని అమ్మ దగ్గర నుంచి జబ్బు రావడం వింతగా అనిపిస్తుంది కానీ ఇది మన చుట్టూ రోజూ జరిగేదే. కాజీపేట రైల్వే జంక్షన్ కదా, మా దగ్గరికి అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పరీక్ష రాసి, మెడికల్‌లో కంటి పరీక్ష దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ళు వస్తుంటారు. రంగు చుక్కల మధ్య అంకె దాచిన పుస్తకం చూపిస్తారు, వాళ్ళకు ఆ అంకె కనపడదు. ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం తేడా తెలియకపోతే బండి నడపనివ్వరు, అది సబబే. ఆ కుర్రాడితో పాటు వచ్చిన తల్లిని "మీ నాన్నగారికి రంగులు సరిగా తెలిసేవా" అని అడుగుతాను. కొంతమంది ఒక్క క్షణం ఆలోచించి, "అవును సార్, బయటికి చెప్పేటోడు కాదు గానీ మా బాపు పండిన మిర్చీ, పచ్చి మిర్చీ ఏరలేకపోయేటోడు" అంటారు. తాత నుంచి కూతురి మీదుగా మనవడికి. కూతురికి రంగులన్నీ బాగానే కనపడతాయి. రెడ్, గ్రీన్ తేడా తెలియని వర్ణాంధత్వానికి సంబంధించిన జన్యువులు కూడా ఎక్స్ మీదే ఉన్నాయి మరి.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. నేను ముందు తెల్ల కాగితం మీద వంశవృక్షం గీస్తాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం. జబ్బు ఉంటే లోపల నల్లగా నింపుతాం, క్యారియర్ అని తేలితే గుండ్రం మధ్య ఒక చుక్క. మేనరికం అయితే ఇద్దరి మధ్య ఒక గీత బదులు రెండు గీతలు. మీరు కూడా గీయండి. మీ చిన్న మేనమామ నల్ల చతురస్రం, మీ తమ్ముడు నల్ల చతురస్రం. ఈ ఇద్దరినీ కలిపేది మీ అమ్మమ్మ, మీ అమ్మ. ఇద్దరికీ నడిమి చుక్క పెట్టాల్సిందే. మీ పెద్ద మేనమామ మాత్రం ఖాళీ చతురస్రం. ఆయనకు జబ్బు లేదంటే ఆయనకున్న ఒక్క ఎక్స్ మంచిది. మగవాడిలో ఇది దాక్కోలేదు.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తు పెట్టుకోండి, మీ ఇంట్లో గొడవ సగం తీరిపోతుంది: తండ్రి ఎక్స్ కొడుక్కి రాదు. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై. అంటే మీ బావకు ఎక్స్ వచ్చింది మీ పెద్ద మామ నుంచి కాదు, మీ అత్తమ్మ నుంచి. ఆమె వేరే ఇంటి ఆడపిల్ల. మీ అమ్మమ్మ వైపు ఎక్స్ మీ బావ దగ్గర లేనే లేదు. మీకు రేపు కొడుకు పుడితే వాడి ఎక్స్ మీ నుంచే వస్తుంది, వాళ్ళ నాన్న మీ బావ అయినా, కరీంనగర్ అబ్బాయి అయినా, ఇంకెవరైనా. అందుకే హీమోఫీలియా విషయంలో బావకూ బయటివాడికీ తేడా లేదన్నాను.

అన్ని మేనరికాలకూ ఇదే మాట వర్తించదు. జబ్బు ఉన్న మేనమామకే మేనకోడలిని ఇస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. నేను చూసిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పన్నెండేళ్ళ పిల్ల. మొదటిసారి నెలసరి వచ్చి పది రోజులైనా ఆగలేదు. వాళ్ళు వెళ్ళిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, మాత్రలు ఇచ్చారు, పంపించారు. నాలుగు నెలల్లో రెండుసార్లు ఇదే జరిగింది. "తండ్రికి చిన్నప్పటి నుంచి మోకాళ్ళు వాస్తాయి, దెబ్బ తగిలితే రక్తం ఆగదు" అని తల్లి చెప్పిందట. "అది హీమోఫీలియా అయితే మగవాళ్ళకే, ఆడపిల్లలకు రాదు" అని అక్కడ కొట్టి పారేశారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళ కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. నేను కాగితం తీసి చెట్టు గీస్తుంటే తల్లి మెల్లగా చెప్పింది, భర్త తనకు సొంత మేనమామే అని. తండ్రి దగ్గర ఉన్న ఒక్క ఎక్స్ చెడినది, అది కూతుళ్ళందరికీ వెళ్తుంది. తల్లి కూడా క్యారియర్, ఆమె దగ్గర నుంచి కూడా చెడినదే వచ్చింది. రెండు బోర్లూ ఎండిపోయాయి. ఆ పిల్లకు ఎనిమిదో ఫ్యాక్టర్ నూటికి ఒకటి కన్నా తక్కువ ఉంది. ఆడపిల్లలకు హీమోఫీలియా అరుదు, కానీ రాదు అనడం తప్పు. ఆ ఒక్క తప్పు మాట ఆ పిల్ల మీద నాలుగు నెలలు పడింది, నాకు ఇప్పటికీ కోపమే.

మీరు క్యారియరా కాదా అన్నదే ఇప్పుడు మీ ముందున్న అసలు ప్రశ్న. మీ అమ్మ తన రెండు ఎక్స్‌లలో ఏదో ఒకటి మీకు ఇచ్చింది. సగానికి సగం అవకాశం. పరీక్ష చేయించకముందు మీరు క్యారియర్ అయ్యే అవకాశం రెండులో ఒకటి. క్యారియర్ అయితే పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం రెండులో ఒకటి, ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం రెండులో ఒకటి. "మొదటి కొడుక్కి వచ్చింది, రెండోవాడికి రాదులే" అనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు. అలా కాదు. గవ్వలు వేసినప్పుడు పోయినసారి ఎన్ని బోర్లా పడ్డాయో ఈసారి గవ్వలకు తెలియదు, ఇదీ అంతే. ప్రతి కాన్పూ కొత్త పందెమే.

మీ చెల్లెలికీ అచ్చం ఇదే లెక్క. మీకు ఉందని ఆమెకు ఉండాలని లేదు, మీకు లేదని ఆమెకు లేకుండా పోదు.

పరీక్ష ఎలా చేయించుకోవాలో కాస్త వివరంగా రాస్తాను, ఇక్కడే ఎక్కువమంది డబ్బూ టైమూ పోగొట్టుకుంటారు. చాలామంది ముందు అమ్మాయి రక్తం ఇచ్చి ఫ్యాక్టర్ ఎంత ఉందో చూస్తారు. నూటికి తొంభై ఉందని రాగానే "క్యారియర్ కాదు" అని ఊపిరి పీల్చుకుంటారు. అది సరిపోదు. ఆడవాళ్ళలో ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటే పని చేస్తుంది, రెండోది పడుకుని ఉంటుంది. 1961లో మేరీ లయన్ అనే ఆమె ఈ సంగతి చెప్పారు. ఏది పని చేస్తుంది, ఏది పడుకుంటుంది అన్నది ఒక్కో కణంలో ఒక్కో తీరు. కాబట్టి క్యారియర్లలో కొందరికి ఫ్యాక్టర్ మామూలుగానే ఉంటుంది, ఇంకొందరికి బాగా పడిపోతుంది. అందుకని జన్యు పరీక్షే కావాలి. ఆ పరీక్ష మీతో మొదలుపెట్టకూడదు. ముందు మీ తమ్ముడి రక్తం పంపాలి. అతనిలో జన్యువు ఏ చోట ఎలా చెడిందో దొరికితే, అదే చోటు మీలో, మీ చెల్లెలిలో వెతకడం తేలిక. తీవ్రమైన హీమోఫీలియా ఏ ఉన్నవాళ్ళలో సగానికి దగ్గరగా ఒకే రకం మార్పు ఉంటుంది. ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువులో 22వ ఇంట్రాన్ అనే భాగం దగ్గర ముక్క తిరగబడి ఉంటుంది. ల్యాబ్ వాళ్ళు ముందు దాన్నే చూస్తారు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం ఉంది. తమ్ముడి పాత రిపోర్టులన్నీ పట్టుకుని అతనితో కలిసి వెళ్ళండి. ఇవన్నీ పెళ్ళికి ముందే చేయించుకుంటే కడుపుతో ఉన్నప్పుడు టెన్షన్ పడే అవసరం ఉండదు.

ఫ్యాక్టర్ పరీక్ష కూడా మానవద్దు, దాని పని వేరు. క్యారియర్ అని తేలితే మీ ఫ్యాక్టర్ ఎంతుందో తెలియడం మీ ప్రాణానికే అవసరం. నెలసరి ఎక్కువ పోవడం, పన్ను పీకించుకున్నాక రక్తం ఆగకపోవడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం ఉన్నాయా చూసుకోండి. "ఆడవాళ్ళకు ఇదంతా మామూలే" అని ఎవరన్నా వినొద్దు. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో ఫ్యాక్టర్ దానంతట అదే పెరుగుతుంది, కాన్పయ్యాక మళ్ళీ పడిపోతుంది. అందుకే కాన్పు తర్వాతి రోజుల్లో రక్తస్రావం మీద కన్నుండాలి. తొమ్మిదో ఫ్యాక్టర్ మాత్రం అంతగా పెరగదు. కాన్పు చేసే డాక్టరమ్మకు ముందే చెప్పాలి. బిడ్డను బయటికి లాగడానికి తలకు వాక్యూమ్, ఫోర్‌సెప్స్ లాంటి పరికరాలు పెట్టొద్దు. మగబిడ్డ అయితే జబ్బు లేదని తేలేవరకు కండకు సూది వేయించొద్దు, బొడ్డు తాడు రక్తంతోనే పరీక్ష చేయవచ్చు.

క్యారియర్ అని తేలినా పిల్లల్ని కనడం ఆపుకోవాల్సిన పని లేదు. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడవచ్చు. ఆడా మగా చెప్పడం నేరం అని అందరికీ తెలుసు, 1994 చట్టం. కానీ అదే చట్టం ఎక్స్ మీద వచ్చే జబ్బులకు, తలసీమియా లాంటి వాటికి రిజిస్టర్ అయిన సెంటర్లో పరీక్షను అనుమతిస్తుంది. ఈ సంగతి తెలియక భయపడి వెనక్కి వెళ్ళిన వాళ్ళను నేను చూశాను. పరీక్షలో జబ్బు ఉందని వస్తే ఏం చేయాలన్నది మీరిద్దరూ నిర్ణయించుకోవాల్సింది. నేనొక్క మాటే చెబుతాను, మీ చిన్న మామ కాలం వేరు, ఇప్పటి కాలం వేరు. రక్తస్రావం మొదలయ్యాక పరుగెత్తడం కాకుండా, ముందు నుంచే క్రమంగా మందు ఇచ్చి ఆపే పద్ధతులు వచ్చాయి. హీమోఫీలియా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది, మీ తమ్ముడికి సర్టిఫికెట్ లేకపోతే తీయించండి.

మేనరికం లెక్క ఇప్పుడు చెబుతాను. ఇది ఆటోసోముల మీద నడుస్తుంది. ఆటోసోములు అందరికీ జతలుగానే ఉంటాయి, కాబట్టి ఆడా మగా తేడా లేదు. ఆరో వేలు లాంటి కొన్ని లక్షణాలకు ఒక్క జన్యువు మారినా చాలు, తండ్రి నుంచి కొడుక్కి కూడా నేరుగా వస్తాయి. వీటిని బహిర్గత లక్షణాలు అంటారు. (తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నది ఏదైనా ఎక్స్ మీదది కాదని ఇక్కడే తెలిసిపోతుంది.) బీటా తలసీమియా, సికిల్ సెల్ అంతర్గతం, అంటే జతలో రెండూ చెడితేనే బయటపడేవి. రెండూ 11వ క్రోమోజోము మీదున్న ఒకే జన్యువు చెడితే వచ్చేవి. జతలో ఒక్కటి చెడితే మనిషి మామూలుగానే ఉంటాడు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం, నాలుగింట రెండు వంతులు క్యారియర్ అయ్యే అవకాశం. మన దేశంలో తలసీమియా క్యారియర్లు నూటికి మూడు నలుగురు ఉంటారని అంచనా. ములుగు, ఏటూరునాగారం వైపు కోయవాళ్ళలో, ఆదిలాబాద్ గోండుల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. ఒక్క కాపీ ఉన్నవాళ్ళను ప్రాణాంతక మలేరియా నుంచి అది కాపాడుతుంది, అందుకే అడవి ప్రాంతాల్లో నిలిచింది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ వైపు వాళ్ళు సంబంధం మాట్లాడేటప్పుడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

మీకూ మీ బావకూ మీ అమ్మమ్మ, తాత ఇద్దరూ ఉమ్మడి. ఇద్దరి జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఒకే చోటు నుంచి వచ్చినవి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. తాతలో దాగి ఉన్న ఒక చెడిన జన్యువు మీ అమ్మ మీదుగా మీకూ, పెద్ద మామ మీదుగా బావకూ వచ్చి ఉండొచ్చు. బయటివాడి దగ్గర అదే జన్యువు ఉండే అవకాశం బాగా తక్కువ. మేనరికంతో ఉన్న ముప్పు అదీ. మామూలు దంపతులకు పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టుక లోపం ఉంటే, బావామరదళ్ళ పిల్లల్లో దాని మీద ఇంకో రెండు మూడు కలుస్తాయి. వచ్చి తీరుతుందని కాదు, ఏమీ కాదని కూడా కాదు. మీరిద్దరూ హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేయించుకోండి, తలసీమియా, సికిల్ సెల్ రెండూ అందులో తెలుస్తాయి. రెండు కుటుంబాల్లోనూ చిన్నతనంలోనే పోయిన పిల్లలు, పుట్టుచెవిటి, ఎదుగుదల లేనివాళ్ళు ఉన్నారా అడిగి రాసుకోండి. నన్నడిగితే, ఇష్టం ఉండి చేసుకుంటానంటే నేను వద్దనను. ఆస్తి బయటికి పోకూడదని పెద్దలు ముడిపెడుతుంటే మాత్రం ఒప్పుకోవద్దంటాను.

మీ నాయనమ్మ మాట నన్ను చాలా బాధ పెట్టింది. మీ అమ్మ ఏ ఎక్స్ ఇవ్వాలో ఎంచుకోలేదు. ఆమెకు కూడా వాళ్ళమ్మ నుంచి వచ్చిందే. అసలు ఎక్కడో ఒకచోట ఎవరూ తేకుండానే జన్యువు కొత్తగా చెడుతుంది. 1935లోనే హాల్డేన్ అనే శాస్త్రవేత్త హీమోఫీలియా మీద ఈ లెక్క కట్టారు. కేసుల్లో సుమారు మూడో వంతు వాటిలో తల్లి కూడా క్యారియర్ కాదు, మార్పు ఆ బిడ్డతోనే మొదలవుతుంది. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, 1964లో భువనేశ్వర్‌లో పోయారు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు మన తెలుగువాడే, మన మేనరికాల మీద లోతుగా పరిశోధన చేశారు. మీ నాయనమ్మకు ఈ పేర్లన్నీ అక్కర్లేదు. మీరు గీసిన కాగితం తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టండి. మా క్లినిక్‌లో ఇలాగే ఒక ముసలామె కాగితం మీద వేలు పెట్టి, తన కోడలి గుండ్రం మీదుగా పైకి వియ్యపురాలి గుండ్రం దాకా వెళ్ళి, "మరి ఈమెకు ఎవరిచ్చిండ్రు" అని అడిగింది. నేను "తెలియదవ్వా, పైకి పోతూనే ఉంటది" అన్నాను. ఆమె వేలు తీసేసింది. కోడలికి మంచినీళ్ళ సీసా అందించింది, అంతే.

అదే నోటితో కొందరు ఆడపిల్ల పుట్టిందని కూడా కోడలినే అంటారు. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్సే. ఎక్స్ ఇవ్వాలా వై ఇవ్వాలా అన్నది తండ్రి వైపు తేలేది.

ముందు తమ్ముడి పాత కాగితాలు తీసి చూడండి. పైన "ఫ్యాక్టర్ 8" అని ఉందా, "ఫ్యాక్టర్ 9" అని ఉందా, పక్కన శాతం ఎంత ఉంది, ఈ రెండూ నాకు రాయండి. తమ్ముడి పేరు, ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకండి. దాన్నిబట్టి ల్యాబ్‌లో ఏ పరీక్ష అడగాలో చెబుతాను. పెళ్ళి మాటలు ఆ రిపోర్టు వచ్చేదాకా ఒక నెల ఆగినా ఎవరికీ నష్టం లేదని మీ పెద్ద మామకు మీరే చెప్పండి. తన తమ్ముడిని పోగొట్టుకున్న మనిషి కదా, ఆయన వింటాడు.